తార్నాకలో దిగే పల్లె బిడ్డల మూగవేదన

పల్లెలో ఒక బిడ్డకు యూనివర్సిటీలో సీటు వచ్చిందంటే ఆ వాడకంతా పండుగే. తండ్రి అప్పు తెచ్చో, దూడను అమ్మో ఖర్చులకు సర్దుతాడు. తల్లి సకినాలు, పచ్చడి డబ్బా మూటగట్టి ఇస్తుంది. బస్సు ఉప్పల్ దాటి, హబ్సిగూడ దాటి తార్నాకలో దింపుతుంది. అక్కడి నుంచి లోపలికి వెళితే చెట్ల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం ముందు నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపుతారు. ఆ ఫోటోను తల్లి పది మందికి చూపిస్తుంది.

ఇంతవరకు కథ మనందరికీ తెలిసిందే. ఆ రాతి మెట్లెక్కి, తరగతి గదిలోకి వెళ్లిన తర్వాత బిడ్డకు ఏమవుతున్నదో మాత్రం మనకు తెలియదు. ఫోను చేస్తే "మంచిగనే ఉన్న బాపూ" అంటాడు. దసరాకు ఇంటికి వస్తే మునుపటిలా మాట్లాడడు. సెలవులు అయిపోయినా తిరుగు ప్రయాణానికి తొందర పడడు. "చదువు మీద మనసు లేదు", "పట్నం గాలి సోకింది" అని మనం అనుకుంటాం. చాలా ఇళ్లలో అసలు సంగతి వేరే ఉంటుంది. పాఠాలన్నీ ఇంగ్లీషులో జరుగుతున్నాయి. తనకు అర్థం కావడం లేదు. ఆ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గు.

ఇంగ్లీషు రాకపోవడం ఒక కొరత. కొరతను కష్టపడి తీర్చుకోవచ్చు. రాదన్న సంగతి నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయం మాత్రం కొరత కాదు, బరువు. మన పిల్లలను కుంగదీస్తున్నది ఆ బరువే. దానిని వారి నెత్తిన పెట్టినవారిలో విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి, ఊళ్లో ఉన్న మనమూ ఉన్నాం. దించవలసిన బాధ్యత కూడా ఇద్దరిదీ.

తెలిసిన పాఠమే పరాయిదవుతుంది

తెలుగు మీడియంలో చదివిన ఒక అమ్మాయి సంగతి అనుకుందాం. ఆకులు ఎండ వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటాయని ఆమెకు చిన్ననాడే తెలుసు. దానిని కిరణజన్య సంయోగక్రియ అంటారనీ తెలుసు. పటం గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నది. పట్నం వచ్చాక లెక్చరర్ గారు "ఫోటోసింథసిస్" అని మొదలు పెట్టి గంటసేపు చెబుతారు. అదేదో కొత్త విషయమని ఆమె బెదిరిపోతుంది. రాత్రి హాస్టల్‌లో వెతికి చూసుకుంటే ఇది తనకు ఏనాటి నుంచో తెలిసిన పాఠమే! ముందు నవ్వు వస్తుంది. వెనుకనే ఏడుపు వస్తుంది.

ఇది ఒక్క మాట సంగతి కాదు. గురుత్వాకర్షణ అక్కడ గ్రావిటీ అవుతుంది. ద్రవ్యోల్బణం ఇన్‌ఫ్లేషన్ అవుతుంది. సార్వభౌమాధికారం సావరినిటీ అవుతుంది. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు కూడబెట్టుకున్న చదువంతా చెల్లని నోట్లయినట్టు అనిపిస్తుంది. పక్క బెంచీలో పట్నం కాన్వెంటు పిల్లవాడికి విషయం అంతగా తెలియకపోయినా పేరు తెలుసు. తలూపుతాడు. ఈమెకు విషయం తెలుసు, పేరు తెలియదు. తల దించుకుంటుంది. చూసేవారికి మాత్రం అతను తెలివైనవాడు, ఈమె మందమతి.

పరీక్షలోనూ అంతే. జవాబు మనసులో తెలుగులో నిండుగా ఉంటుంది. కాగితం మీదికి ఇంగ్లీషులో రెండు వాక్యాలే దిగుతాయి. మార్కుల జాబితాలో "ఫెయిల్" అని కనిపిస్తుంది గాని, ఎందుకు ఫెయిలైందో కనిపించదు.

ఇంగ్లీషు మీడియం సర్కారు బడుల్లో చదివి వస్తున్నవారికి ఈ బాధ ఉండదనుకుంటే పొరపాటు. పుస్తకం ఇంగ్లీషుదైనా, పల్లె బడిలో సారు వివరించేది తెలుగులోనే. ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టి గట్టెక్కుతారు. చదవగలరు, కొంత రాయగలరు. ఎదుటి మనిషితో రెండు నిమిషాలు మాట్లాడవలసి వస్తే నోరు ఎండిపోతుంది.

భయం చేసే పని

ఒక ప్రశ్న అడగాలంటే మన పిల్లవాడి తలలో ఎంత పని జరుగుతుందో చూడండి. ముందు ప్రశ్న తెలుగులో పుడుతుంది. దానికి ఇంగ్లీషు మాటలు వెతుక్కోవాలి. మాటలు దొరికాక వరస సరిచూసుకోవాలి. "డు" పెట్టాలా, "డజ్" పెట్టాలా? తప్పు పోతే వెనుక వరస వాళ్లు నవ్వుతారా? ఇవన్నీ తేల్చుకొని చెయ్యెత్తేసరికి క్లాసు మరో పాఠంలోకి వెళ్లిపోతుంది. రెండు మూడు సార్లు ఇలా జరిగాక చెయ్యెత్తడమే మానేస్తాడు. నాలుగో వారానికి చివరి బెంచీకి చేరతాడు. ఆరో వారానికి తలనొప్పి అని గదిలో పడుకుంటాడు.

ఈ భయాన్ని చదువు చెప్పే లోకం చాలా ఏళ్ల కిందటే గుర్తించింది. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలైన్ హార్విట్జ్ అనే ఆచార్యురాలు మరో ఇద్దరితో కలిసి 1986లో దీని మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. పరాయి భాష తరగతిలో కలిగే ఆందోళన ప్రత్యేకమైనదని, దానిలో మూడు పాయలు ఉంటాయని అందులో చెప్పారు. నోరు విప్పి మాట్లాడాలంటే జంకు ఒకటి. ఎదుటివారు తక్కువగా అంచనా వేస్తారన్న దిగులు రెండోది. పరీక్ష భయం మూడోది. ఆ ఆందోళన ఎంత ఉందో కొలవడానికి 33 వాక్యాల పట్టికను తయారు చేశారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో దానిని వాడారు.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, వారు చూసిన విద్యార్థులు అమెరికా వారు. ఇంగ్లీషు వారికి ఉగ్గుపాలతో వచ్చిన భాష. స్పానిష్ వంటి పరాయి భాష నేర్చుకునే క్లాసులో ఆ ఇంగ్లీషు పిల్లలకే చెమటలు పట్టాయి. చదివినదంతా నోటి దాకా వచ్చి మాయమైపోతోందని వారూ వాపోయారు. అంటే ఈ జంకు పల్లెటూరితనం వల్ల వచ్చింది కాదు, కులం వల్ల వచ్చింది కాదు, బుర్ర తక్కువై వచ్చింది అంతకంటే కాదు. పరాయి భాషలో నిలబడి మాట్లాడవలసిన ఏ మనిషికైనా వచ్చేదే. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు మొదటి రోజునే ఎవరైనా చెబితే సగం బరువు దిగుతుంది.

అదనపు క్లాసులో అదనపు సిగ్గు

ఈ కొరత తీర్చడానికి ఏర్పాట్లు లేవని అనలేం. కాలేజీల్లో బ్రిడ్జి కోర్సులని, రెమిడియల్ కోచింగ్ అని పెడతారు. ఉస్మానియా పక్కనే, తార్నాకకు కూతవేటు దూరంలో, దేశంలోకెల్లా పేరున్న ఇంగ్లీషు విద్యాసంస్థ ఉంది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని సీఫెల్ అని పేరు తెచ్చుకొని, 2007లో ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంగ్లీషు నేర్పే అధ్యాపకులను తయారు చేయడమే దాని పుట్టుకకు కారణం. మన వాళ్లు "సీఫెల్ గేటు" అని ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తుంటారు. ఇవి చాలవన్నట్టు నగరంలో "ముప్పై రోజుల్లో ఇంగ్లీషు" అనే బోర్డులకు లోటే లేదు.

ఏర్పాట్లు ఉన్నా వాటిలో కూర్చునే పిల్లల మనసు ఎవరికి పట్టింది? అదనపు క్లాసుకు వెళ్లవలసిన వారి పేర్లు నోటీసు బోర్డు మీద అంటిస్తే ఆ కాగితం అందరూ చదువుతారు. సాయంత్రం తోటివారు లైబ్రరీకో, ఆటలకో పోతుంటే వీరు పుస్తకం దాచుకొని ఆ గదికి వెళ్లాలి. "రెమిడియల్" అన్న మాటకే మందు అనే అర్థం ఉంది. ఇంగ్లీషు రాకపోవడం ఒక రోగమైనట్టు, వీరు రోగులైనట్టు! పొద్దంతా అర్థంకాని క్లాసుల్లో అలసిన తలకు సాయంత్రం ఐదు గంటలకు వ్యాకరణం చెబితే ఎంత ఎక్కుతుంది? యూనివర్సిటీకి వచ్చిన ఇరవై ఏళ్ల మనిషి చేత ఐదో తరగతి పిల్లల వాక్యాలు వల్లె వేయిస్తే ఎంత చిన్నబుచ్చుకుంటాడు?

మరో బాధ ఉంది. దానిని పిల్లలు ఇంట్లో అసలే చెప్పరు. అది అపరాధ భావం. "మా బాపు నాట్లప్పుడు అప్పు జేసి పంపిండు, నేనేమో ఇక్కడ ఏబీసీడీల కాడనే ఉన్న" అని లోలోపల కుమిలిపోతారు. తండ్రి మీద ప్రేమ ఎంత ఎక్కువ ఉంటే ఈ కుమిలిపాటు అంత ఎక్కువ. అందుకే ఫోనులో "మంచిగనే ఉన్న" అంటారు.

ఆ గదుల్లో సంతోషం కూడా పుడుతుంది, అది కూడా చెప్పుకోవాలి. తన వంటి వారు ఇంకా ఇరవై మంది ఉన్నారని తెలిసినప్పుడు ఒక ఊరట. మొదటిసారి లేచి నాలుగు వాక్యాలు తప్పో ఒప్పో పూర్తి చేసినప్పుడు ఒక ధైర్యం. ఇంగ్లీషు పత్రికలో ఒక వార్త మొత్తం నిఘంటువు చూడకుండా చదివిన రోజు పెద్ద పండుగ. పల్లె నుంచి వచ్చి, ఇదే దారిలో నడిచి, ఇవాళ అధ్యాపకులూ అధికారులూ అయినవారు ఎందరో ఉన్నారు. దారి ఉంది. దాని మీద ముళ్లు ఏరడమే మిగిలింది.

ఆనాడు ఉర్దూ, ఈనాడు ఇంగ్లీషు

తార్నాక అనే పేరుకు ఒక కథ చెబుతారు. ఒకప్పుడు అక్కడ ఒక తోట చుట్టూ ఇనుప తీగ కంచె, దాని దగ్గర కాపలా నాకా ఉండేవట. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తీగ పోయింది, చౌకీ పోయింది. మెట్రో స్టేషను వచ్చింది. భాష అనే కంచె మాత్రం ఆ చోట వందేళ్లుగా పేరు మార్చుకుంటూ నిలిచే ఉంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. కాలేజీ చదువంటే ఇంగ్లీషే అనుకునే రోజుల్లో ఇక్కడ ఉర్దూలో పాఠాలు చెప్పారు. ఇంగ్లీషును ఒక భాషగా అందరూ తప్పనిసరిగా నేర్చుకోవాలి. శాస్త్రాలు మాత్రం ఉర్దూలో. అందుకోసం అంతకు ముందే, 1917లో, అనువాద సంస్థను నెలకొల్పి పుస్తకాలు తర్జుమా చేయించారు, శాస్త్ర పదాలు తయారు చేయించారు. వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలో నేర్పారు. పెద్ద చదువుకు ఇంగ్లీషు ఒక్కటే తోవ కాదని ఈ ప్రాంగణమే ఒకనాడు రుజువు చేసింది.

అయితే ఆ మేలు ఎవరికి దక్కింది? ఆనాటి రాజ్యంలో అత్యధికులు మాట్లాడేది తెలుగు. తెలుగు పల్లె బిడ్డకు ఉర్దూ కూడా పరాయిదే. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి, కాలేజీలో ఇంకొకటి. 1948లో నిజాం పాలన ముగిశాక ఉర్దూ పోయి దాని కుర్చీలో ఇంగ్లీషు కూర్చుంది. మన పిల్లవాడు ఆనాడూ గడప అవతలే, ఆ తర్వాతా గడప అవతలే.

మరి ఆనాటి పెద్దలు ఏం చేశారు? 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధని హాలులో ఒక సంఘ సంస్కార సభ జరిగింది. మహర్షి కార్వే దానికి అధ్యక్షులు. ఇతర భాషల్లో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోగా సభలో గేలి చేసి, అల్లరి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం చూసి తెలుగువారు లేచి బయటికి వచ్చారు. ఇంటికి పోయి తలుపు వేసుకొని ఏడవలేదు. ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించారు. ఊరూరా గ్రంథాలయాలు, పాఠశాలలు పెట్టించే పని నెత్తికెత్తుకున్నారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ దాకా, ఆపైన తెలంగాణ చరిత్రలో జరిగిన మహా కదలికల దాకా పోయే దారి ఆనాటి నవ్వులపాటు నుంచే మొదలైంది.

ఆ రోజు సిగ్గుపడవలసింది మాట్లాడబోయిన మనిషి కాదు. నవ్విన సభ. ఈ మాట ఇవాళ్టి తరగతి గదికీ వర్తిస్తుంది. నాటివారికీ నేటివారికీ ఒక తేడా ఉంది. వారి అవమానాన్ని పది మంది కలిసి పంచుకున్నారు, అందుకని అది పనిగా మారింది. మన పిల్లవాడు తన అవమానాన్ని హాస్టల్ గదిలో ఒంటరిగా మోస్తున్నాడు, అందుకని అది జబ్బుగా మారుతోంది.

భాష మారిన చోట గెలవలేమని కూడా అనుకోనక్కర లేదు. హనుమాజీపేట అనే పల్లెలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలోనే. తర్వాత ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, అక్కడే ఆచార్యులై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. పరాయి భాషలో చదివినా ఆయన ఇంటి భాషను చిన్నచూపు చూడలేదు. ఇంటి భాష మీద ప్రేమతో ఉర్దూను వదులుకోనూ లేదు. రెండూ ఆయనకు రెండు భుజాలైనాయి.

ఇంగ్లీషు వద్దని ఎవరంటారు?

ఈ మాటలు చదివి, ఇంగ్లీషు వద్దంటున్నారని ఎవరూ అనుకోవద్దు. పెద్ద కులాల పిల్లలు, డబ్బున్నవారి పిల్లలు కాన్వెంట్లలో ఇంగ్లీషు నేర్చుకొని పోతుంటే, పేదవారి పిల్లలకు మాతృభాష గొప్పతనం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం న్యాయం కాదు. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం బోధించిన కంచ ఐలయ్య ఈ సంగతినే ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. దళిత, బహుజన పిల్లలకు సర్కారు బడిలోనే ఇంగ్లీషు అందాలన్నది ఆయన వాదం. తెలంగాణలో 2022–23 విద్యా సంవత్సరం నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. తల్లిదండ్రులు కోరుకున్నదే అది.

కోరుకున్నది దక్కాలంటే నేర్పే తీరు బాగుండాలి. ఆ బడి పుస్తకాల్లో ఒక మంచి ఏర్పాటు చేశారు. ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే, దాని ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పిల్లవాడు తెలిసిన ఒడ్డు మీద ఒక కాలు ఉంచి, రెండో కాలు నీళ్లలో పెట్టవచ్చు. బడిలో ఉన్న ఈ దయ విశ్వవిద్యాలయంలో ఎందుకు ఉండకూడదు? 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో తెచ్చింది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజినీరింగును కూడా తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో చెప్పడానికి అనుమతి ఇచ్చింది. మాటలు ఉన్నాయి, పుస్తకాలు ఉన్నాయి. రెండు ఒడ్లనూ కలిపే వంతెన వేయాలి.

విశ్వవిద్యాలయాలు చేయవలసినవి

టర్కీ దేశంలో ఇంగ్లీషులో బోధించే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అంకారా నగరంలో 1956లో మొదలైన సాంకేతిక విశ్వవిద్యాలయం వాటిలో పేరున్నది. అక్కడ చేరగానే ఇంగ్లీషు పరీక్ష పెడతారు. నెగ్గనివారిని వెంటనే పాఠాల్లోకి తోయరు. ఒక ఏడాది పాటు ఇంగ్లీషు మాత్రమే నేర్పి, ఆ తర్వాతే అసలు చదువు మొదలు పెడతారు. ఆ ఏడాది అక్కడి పిల్లలకూ విసుగు, దిగులు ఉంటాయి. అయినా ఈత రాని పిల్లవాడిని బావిలోకి తోసి, "ఈదు, లేకుంటే ఫెయిల్" అనడం కంటే అది నయం కదా!

మన దగ్గర ఏడాది కుదరకపోతే కనీసం ఒక నెల అయినా కేటాయించాలి. క్లాసులు మొదలయ్యే ముందు, పొద్దుటి పూట, మార్కుల బెడద లేకుండా. ఆ క్లాసుకు "రెమిడియల్" అన్న పేరు తీసేయాలి. పేర్లు బోర్డుకు అంటించడం మానాలి.

ప్రతి శాఖ తన సబ్జెక్టులో ముఖ్యమైన రెండు వందల మాటలను ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు అచ్చు వేసి మొదటి వారంలోనే చేతిలో పెట్టాలి. దీనికి కోట్లు అక్కర లేదు. పది కాగితాల ఖర్చు. కిరణజన్య సంయోగక్రియ ఎదుట ఫోటోసింథసిస్ అని ఉంటే ఆ అమ్మాయి ఆ రాత్రి ఏడవవలసిన పని ఉండదు.

ప్రశ్న తెలుగులో అడగవచ్చునని అధ్యాపకులు మొదటి రోజే చెప్పాలి. అధ్యాపకుల ఇబ్బంది కూడా మనకు తెలియనిది కాదు. క్లాసు నిండా పిల్లలు, ముంచుకొచ్చే సిలబస్, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులు. అయినా ఒక్క మాట సాయం కష్టమేమీ కాదు. తెలుగు రాని సారు ఉంటే పక్క పిల్లవాడు తర్జుమా చేస్తాడు. ప్రశ్న పుట్టడం ముఖ్యం.

ఇంకొకటి. ఇదే దారిలో వచ్చిన సీనియర్లను ఒక్కొక్కరికి నలుగురైదుగురు కొత్తవారిని అప్పగించాలి. "నాకూ ఇట్లనే ఉండె తమ్మీ, రెండో సెమిస్టర్‌కు కుదురుకున్న" అన్న ఒక్క మాట పది వ్యాకరణ పాఠాల పెట్టు. 1986 నాటి ఆ టెక్సాస్ వ్యాసం వెనుక కూడా ఇటువంటి అనుభవమే ఉంది. అక్కడ భయపడే విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు.

మన ఊళ్లో మనం చేయవలసినవి

ఇక మన సంగతి. పట్నంలో నవ్వుతారని పిల్లలు భయపడుతున్నారు, నిజమే. ఊళ్లో మనం తక్కువ తిన్నామా? సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్ల పొరపాటున ఒక ఇంగ్లీషు ముక్క అంటే "ఏందే, దొరసాని అయినవా?" అని ఎకసక్కాలాడుతాం. ఏమీ అనకపోతే "ఇన్ని పైసలు పెట్టి చదివిస్తే ఇంగ్లీషు రాకపాయె" అని ఎత్తిపొడుస్తాం. చుట్టం ఎవరైనా వస్తే "ఏదీ, ఇంగ్లీషుల మాట్లాడు చూద్దాం" అని కోతిని ఆడించినట్టు ఆడిస్తాం. తప్పులు మాట్లాడనివ్వని చోట ఒప్పు మాట ఎట్లా వస్తుంది? నడక నేర్చే బిడ్డ పడితే చప్పట్లు కొట్టి లేపినవాళ్లం, మాట నేర్చే బిడ్డ తడబడితే ఎందుకు నవ్వుతాం?

ఫోను చేసినప్పుడు "ఇంగ్లీషు వచ్చిందా?", "మార్కులెన్ని?" అని అడగకండి. "ఈ వారం క్లాసుల ఏమన్న అడిగినవా బిడ్డా?" అని అడగండి. "అర్థం కాకుంటే కాలేదని చెప్పు, మేమేం అనం" అని ఒక్కసారి నోరు తెరిచి అనండి. చదువు రాని తండ్రి కూడా ఈ మాట అనగలడు. చదువుకున్న సారు చెప్పిన మాట కంటే ఇది బలంగా పనిచేస్తుంది.

కొన్ని గుర్తులు కనిపెట్టాలి. ఫోను ఎత్తడం తగ్గినా, తిండి నిద్ర తప్పినా, ఊరికే తలనొప్పి కడుపునొప్పి అంటున్నా, హాస్టల్‌కు తిరిగి పోవడానికి నెపాలు వెతుకుతున్నా, "నేను దేనికీ పనికిరాను" అనే మాట నోట వచ్చినా అది సోమరితనం అని తిట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకొని వినండి. అవసరమైతే డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే సేవ ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడి ధైర్యం చెబుతారు, దారి చూపిస్తారు. పైసా ఖర్చు లేదు. మనసు బాగా లేదని చెప్పడం జ్వరం వచ్చిందని చెప్పడం వంటిదే, దాచుకోవలసింది ఏమీ లేదు.

ఊరి స్థాయిలో చేయగల పని కూడా ఉంది. యూనివర్సిటీలో చదువుతున్న అన్నలు, అక్కలు సంక్రాంతికో ఎండాకాలానికో ఊరికి వస్తారు. గ్రామ పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో, గ్రంథాలయంలోనో పది రోజులు వారి చేత ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఆ మాటల జాబితాలు చెప్పించవచ్చు. రోజుకొకరు లేచి ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి, తప్పులు పోయినా ఎవరూ నవ్వరాదు అనే ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే చాలు. 1921లో అవమానపడిన పెద్దలు గ్రంథాలయాలు పెట్టింది కూడా ఇటువంటి పని కోసమే. రిటైరైన సారు ఒకరు పూనుకుంటే ఇది రేపే మొదలవుతుంది.

మన బిడ్డలు తార్నాకలో బస్సు దిగేటప్పుడు ఖాళీ చేతులతో దిగడం లేదు. ఒక భాష నిండా చదువు, ఒక ఊరి నిండా అనుభవం వెంట తెచ్చుకుంటున్నారు. దాని మీద మరో భాషను చేర్చుకోవడానికి వారికి కావలసింది కొంత వ్యవధి, కొంత ఓపిక, నవ్వని నలుగురు మనుషులు. వ్యవధి ఇవ్వవలసింది విశ్వవిద్యాలయాలు. ఆ నలుగురు మనుషులం మనం కావాలి. ఈ విద్యా సంవత్సరమే మీ ఇంటి నుంచి, మీ వాడ నుంచి పట్నం పోయిన బిడ్డ ఉంటే ఈ సాయంత్రం ఒక ఫోను చేయండి. మార్కుల మాట ఎత్తకుండా మాట్లాడండి.